పక్కకు చూసే పిలగాడు

ఫోటోలో నలభై ఒక్క మంది ఉన్నారు. నలభై మంది కెమెరా వైపు చూస్తున్నారు. ఒక్కడు మాత్రం పక్కకు చూస్తున్నాడు. ఆ ఒక్కడూ నేనే.

1983 నాటి తొమ్మిదో తరగతి ఫోటో. ఎవరింట్లో ఏ ట్రంకుపెట్టె అడుగున పడి ఉందో తెలియదు. రెండు వేల పదమూడు ఆగస్టులో ఒక ఆదివారం 'ఖని ముచ్చట్లు' అనే ఫేస్‌బుక్ పేజీలో తేలింది. ఆ పేజీ పనే అది. పాత సైకిళ్ళ లైసెన్సు బిళ్ళలు, చిరిగిన సినిమా టికెట్లు, బొగ్గు బంకరు ముందు నిలబడి దిగిన పెళ్ళి ఫోటోలు, గేటు మీటింగులో లీడరు ఉపన్యాసం కాగితం నమిలేసిన మేకపోతు కథ, ఇలాంటివన్నీ పెట్టుకుని నవ్వుకుంటారు. గోదావరిఖనిలో పుట్టి ఎక్కడెక్కడో బతుకుతున్న వాళ్ళు బెంగ పుట్టినప్పుడు అందులోకి పోయి కాసేపు తిరిగి వస్తారు. నాకు ఆ బెంగ లేదు. నేను ఇక్కడే ఉన్నాను. ఇక్కడి నుంచి ఎట్లా బయటపడాలన్నదే నా బెంగ.

ఆ ఆదివారం నాటికి నా పని అంచు మీద ఉంది. బొగ్గుగనిని మేం బాయి అంటాం. ముప్పై ఏళ్ళు బాయిలో చేశాను. నడుం పోయింది, ఊపిరి సగం పోయింది. మెడికల్ బోర్డు వాళ్ళు చూసి భూమి కింద పనికి అన్‌ఫిట్ అని రాశారు. అట్లా రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. నా కొడుకు జైపాల్ ఐటీఐ చదివి నాలుగేళ్ళుగా ఎవరిదో ఆటో తోలుతున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, నేను నేనేనని తేల్చే విచారణ. గురువారం పదకొండు గంటలకు రమ్మని కాగితం వచ్చింది.

చిక్కంతా అక్కడే ఉంది. నేను నేను కాదు.

కంపెనీ కాగితాల్లో నా పేరు నర్సింగం. అది మా అన్న పేరు. నా పేరు బిక్షం. ఎనభై మూడులో ఉద్యోగం వచ్చింది అన్నకు. మూడు రోజులు దిగాడు. మూడో రోజు లోపల తలమీది లైటు ఆరిపోయి, దారి తప్పి, ఒక మూలన రెండు గంటలు కూర్చున్నాడట. పైకి వచ్చాక మళ్ళీ దిగనన్నాడు. ఇంట్లోకి వచ్చిన ఉద్యోగాన్ని వాపసు పంపడం మా బాపుకు తెలియదు. నాకు పదహారేళ్ళు. కార్డు మీద ఫోటో లేదు, ముఖానికి బొగ్గు అంటాక ఎవడి ముఖమైనా ఒకటే. కానీ కార్డులో గుర్తు ఒకటి రాసి ఉంది: ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. అన్న చిన్నప్పుడు పొయ్యిలో పడితే అయిన మచ్చ. మా బాపు గరిటె కాల్చాడు. మమ్మల్ని కన్న అవ్వ నా తలకాయ పట్టుకుంది. వారం తిరిగేలోపు నేను నర్సింగాన్ని.

అన్న కాసిపేట దగ్గర మా ఊరికి పోయి ఎవుసం చేసుకున్నాడు. బాపు పోయాక భూమి కాగితాలు చేయించాల్సి వచ్చింది. ఉద్యోగం ఉన్న నర్సింగానికి భూమెందుకని బిక్షం పేరు మీద రాయించారు. ఊళ్ళో ఉన్నవాడే బిక్షం కావాలి కదా. ఆ తర్వాత రేషన్ కార్డు, ఓటు కార్డు కూడా అట్లాగే వచ్చాయి. నా పేరు మీద ఆయన, ఆయన పేరు మీద నేను.

మా కాలనీలో సందుకు ఇద్దరు ఇట్లాంటివాళ్ళు ఉంటారు. మారుపేరు వాళ్ళంటారు. మేనమామ పేరు మీద దిగినవాడు, బావ పేరు మీద దిగినవాడు. ఒకామెను దవాఖానలో మొగుడి పేరు చెప్పమంటే రెండు పేర్లు చెప్పి వార్డంతా నవ్వించింది. ఒకాయన చనిపోతే బాయి దగ్గర బోర్డు మీద ఇంటిపేరుతో సహా అసలు పేరు రాశారు, ఆయన షిఫ్టులో వాళ్ళు అది చదివి, ఎవరో పాపమనుకుని డ్యూటీలకు పోయారు. అందరికీ తెలుసు. పని చేయించే సర్దారుకు తెలుసు, హాజరు రాసేవాడికి తెలుసు, యూనియన్‌కు తెలుసు. తెలిస్తే ఏమీ కాదు. రాయకూడదు. అంతే.

ఇక ఆ ఫోటో. పక్కకు చూసే పిలగాడి చుట్టూ ఎవడో ఎర్ర గీత గీశాడు. ఇక మొదలుపెట్టారు. కరెంటు వచ్చిందేమోనని చూస్తున్నాడని ఒకడు. ఫస్ట్ షిఫ్టు బస్సు పోయిందని ఇంకొకడు. 'ముప్పై ఏండ్ల సంది తెలంగాణ ఎటుదిక్కుకెళ్ళి వస్తదా అని సూస్తున్నడు, ఢిల్లీల చెప్పిన్రు తమ్మీ, ఇగ ముందుకు తిరుగు' అని మరొకడు. నన్ను కత్తిరించి పెళ్ళి విందులో మటన్ గంగాళం పక్కన అతికించారు. క్రికెట్ గ్రౌండులో పెట్టారు. గోదావరి బ్రిడ్జి మీద నిలబెట్టారు. ఎక్కడ నిలబెట్టినా నేను పక్కకే చూస్తున్నాను.

మా బిడ్డ హర్షిణి డిగ్రీ చదువుతోంది. ఆదివారం సాయంత్రం ఫోన్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"బాపూ, గీ పిలగాన్ని సూడు. అచ్చం జైపాలన్న లెక్క లేడా?"

చూశాను. కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాను.

"జైపాల్ గాదు. నేనే" అన్నాను.

దాని నవ్వు ఆగిపోయింది. "నువ్వా? మరి గీ అంగి ఎవలిది, మోకాళ్ళ దాకున్నది?"

"మా అన్నది."

"తొమ్మిది దాక సదివినవా? నాలుగే అన్నవ్ గద ఎప్పుడడిగినా."

"తొమ్మిది సదివి తట్ట మోసిన్నని చెప్పుకునుడు ఎందుకు. ఫస్టొచ్చేటోన్ని."

అదే నేను చేసిన తప్పు. ఈ చదువు సంగతి ముప్పై ఏళ్ళు దాచాను, కట్టుకున్నదానికి చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. ఆ రోజు ఎందుకో నోరు జారింది.

"మరి అందరు ముందటికి సూస్తుంటే నువ్వెటు సూస్తున్నవ్?"

"కుక్క అడ్డమొచ్చింది" అన్నాను.

కుక్క కాదు. మా బడి కాంపౌండు గోడ అవతలే బాయి రోడ్డు ఉండేది. ఫోటో తీసేవాడు నల్లగుడ్డలో తల పెట్టి కదలొద్దని అరుస్తున్నాడు. అప్పుడు రోడ్డు మీద మా అన్న కనపడ్డాడు. ఫస్ట్ షిఫ్టుకు పోయినవాడు మధ్యాహ్నం రెండింటికి గానీ బయటికి రాకూడదు. టైము పదిన్నర. ఒళ్ళంతా బొగ్గు, స్నానం కూడా చేయలేదు. బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడకు వేసుకుని ఉత్త కాళ్ళతో నడుస్తున్నాడు. బూట్లు మెడలో వేసుకున్నవాడు మళ్ళీ బాయిలోకి పోడు. అది నాకు చూడగానే అర్థమైంది. తర్వాత ఏమవుతుందో కూడా అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అన్నకు కూడా.

సోమవారం ఇంట్లో కూర్చోలేకపోయాను. అన్‌ఫిట్ చేశాక డ్యూటీ ఉండదు. సైరన్ మోగుతుంది, కాళ్ళు లేస్తాయి, పోవడానికి చోటుండదు. బజారుకు పోయాను, కూరగాయలు కొనకుండా వచ్చాను. మళ్ళీ పోయాను. చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర నాతో పాటు పదేళ్ళు బొగ్గెత్తిన సమ్మయ్య కనపడ్డాడు.

"ఏం బిక్షమన్నా, మంచిగున్నవా?" అన్నాడు.

బాయిలో నన్ను ఆ పేరుతో పిలిచినవాడు లేడు.

"ఎవలు బిక్షం?"

"నాతోనెందుకు దాస్తవే. ఫేస్‌బుక్ల నీ పేరు మోగుతున్నది. మా అల్లుడు వరంగల్‌కెళ్ళి ఫోన్ చేసిండు, మామా నీ దోస్తుది అసలు పేరు తెల్వదా నీకు అని. నీ బిడ్డ మస్తు రాసింది తియ్యి."

చాయ్ అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను. హర్షిణి ఫోన్ ఇవ్వనన్నది. లాక్కున్నాను. వాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. తొమ్మిదో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చాలాసేపు పట్టింది. అది రాసింది ఇది:

'నవ్వెటోళ్ళందరికి చెప్తున్న. గా పక్కకు సూసే పిలగాడు మా బాపు. పేరు బిక్షం. గా క్లాసుల ఫస్టు. అన్న పేరు మీద బాయిల దిగి ముప్పై ఏండ్లు మమ్మల్ని సాదిండు. ఆయన సూసిన దిక్కున మేమున్నం. ఇగ నవ్వుకోండ్రి.'

కింద తొమ్మిది వందల చిల్లర లైకులు.

నా పేరు నాదిగా ఎక్కడైనా రాసి ఉండగా చూసి ముప్పై ఏళ్ళయింది. ఇంకోసారి చదివాను. ఫోన్ తెర ఆరిపోతే బిడ్డ చేత వెలిగించుకుని మూడోసారి చదివాను.

"తీసెయ్యి" అన్నాను.

"ఎందుకు బాపూ? నిన్ను కోతిని జేసి ఆడుతుంటే నేను సూసుకుంట ఊకోవాల్నా?"

"తియ్యి జల్ది."

అప్పుడే జైపాల్ ఆటో ఆపి లోపలికి వచ్చాడు. వాడికి అప్పటికే ఎవరో చెప్పారు. తాళం చెవి గోడకు కొట్టాడు.

"గురువారం పెట్టుకుని గిదేం పని? నా నౌకరి నోట్లెకెళ్ళి గుంజినవ్ గదనే."

"అందరికి తెల్సిందే గద" అంది హర్షిణి. దాని గొంతు అప్పుడు తగ్గింది.

"తెలుసుడు వేరే, రాసుడు వేరే" అన్నాను. "తెలిసింది గాలిల పోతది. రాసింది ఫైల్ల కూసుంటది."

అది ఏడవలేదు. నా ముందే తీసేసింది. కానీ ఆ ఫోటో కింద అప్పటికే యాభై అరవై మంది ఎక్కారు. మా నాయినకు కూడా రెండు పేర్లని ఒకరు, మా తాతకు మూడని ఇంకొకరు, మా మామ పెళ్ళి పత్రికలో వరుడి పేరు పక్కన 'ఉరఫ్' అని కొట్టించారని మరొకరు. ఇదేదో జాతర అన్నట్టు పోటీ పడి రాస్తున్నారు. ఇళ్ళల్లో ఆ తండ్రులు ఏం చేస్తున్నారో వీళ్ళకు తెలియదు. నాలాగే గోడకూ వాకిలికీ మధ్య తిరుగుతూ ఉంటారు.

మంగళవారం పొద్దున్నే ఆ పేజీ నడిపే శ్రీనివాసరావు ఇంటికి పోయాను. ఆయనది గుడివాడ వైపు. బాయిలో సర్వేయరు చేసి రిటైరయ్యాడు. లోపలి దారులన్నీ కొలిచి మ్యాపులు గీసేది ఆయనే. నేను ఆయన కొలత గొలుసు పట్టుకుని చాలాసార్లు నడిచాను. వరండాలో కంప్యూటర్ ముందు బనీను మీద కూర్చున్నాడు.

"రావయ్యా నర్సింగం. కూర్చో."

"కూసునేదానికి రాలే సార్. గా ఫోటో తీసెయ్యిండ్రి."

"తీసేశాను. రాత్రే మీ అమ్మాయి ఫోన్ చేసింది" అంటూ కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "కానీ మంచిర్యాల వాళ్ళ పేజీ ఒకటుంది, మందమర్రి కుర్రాళ్ళది ఇంకోటుంది. వాళ్ళు మీ అమ్మాయి రాసినదాంతో సహా ఎత్తుకుపోయారు. నేను తుడవగలిగేది నా గోడ మీదిదే."

"అసలెందుకు పెట్టిన్రు సార్?"

"నువ్వని నాకు తెలీదయ్యా. నిన్ను నేను ఎప్పుడూ నల్లగానే చూశాను."

నవ్వు రాలేదు నాకు. "మీకేంది సార్. రేపు తెలంగాణ వస్తే మూట గట్టుకుని పోతరు. ఈడ ఉండేటోళ్ళం మేము."

లోపలి నుంచి ఆయన భార్య చంద్రమతమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పెట్టి నా ముఖం చూసి లోపలికి పోయింది.

"ముప్పై నాలుగేళ్ళయింది వచ్చి. మా ఊళ్ళో నా ఫోటో పెడితే గుర్తుపట్టేవాడు లేడు. అందుకే మీ ఫోటోలు పెట్టుకుంటున్నాను" అన్నాడు. తర్వాత గ్లాసు నా వైపు జరిపాడు. "సరే, విచారణ ఎప్పుడు?"

చెప్పాను.

"మా సర్వేలో ఒక మాటుంది. మ్యాపులో ఒక దారి గీసుంటే, లోపలికి పోయి వెతికినా కనపడకపోతే, అధికారి మ్యాపు తప్పనడు. దారి ఎక్కడుందో చూపించమంటాడు. ఇప్పుడు కాగితం మీద బిక్షం అని పడింది. లేడంటే నమ్మరు. వాళ్ళకొక బిక్షం కావాలి. ఉన్నాడా?"

మజ్జిగ తాగాను. "ఉన్నడు" అన్నాను.

ఆ సాయంత్రమే ఆఫీసులో పనిచేసే తెలిసినాయన ఒకరు ఫోన్ చేశారు. ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాశాడట. ఆ ఫోటో, హర్షిణి రాసింది కాగితాల మీద అచ్చు తీసి జత చేశాడట. గురువారం బిడ్డను కూడా తీసుకురమ్మన్నారు.

బుధవారం కాసిపేట బస్సెక్కాను. మంచిర్యాలలో మారి, బెల్లంపల్లి రోడ్డు మీద దిగి, ఊళ్ళోకి నడిచాను. నడిస్తే ఊపిరి అందదు. కూర్చుంటే మనసు అందదు. పత్తి చేను గట్టు మీదకు చేరేసరికి అన్న వంగి కలుపు తీస్తున్నాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. తల పూర్తిగా నెరిసింది.

"ఏందిరా చెప్పకుండ వచ్చినవ్? నౌకరి అయిందా పోరనిది?"

గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. జేబులోంచి ఫోటో తీశాను. శ్రీనివాసరావు సారు అచ్చు తీసి ఇచ్చాడు.

అన్న చేతులు లుంగీకి తుడుచుకుని దాన్ని పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడేమో అనిపించింది, అంత సేపు చూశాడు.

"గీడ నువ్వున్నవా? గీ అంగి నాదే. నౌకరి వచ్చిందనంగ కుట్టించిన."

"రేపు గీ పిలగాడు నువ్వే అని చెప్పాలె."

"నేనా? నేను బడి మొఖం రెండో తరగతిల సూసిన. గొర్రెలకాడికే పోతి గద."

"కాగితాల మీద బిక్షం నువ్వే. బిక్షం బడికి పోయిండు. గంతే. ఫోటోల ఉన్నది నేనే సార్ అనాలె. పోరి తప్పు రాసింది అనాలె."

అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దానికేముంది, వస్త. నీ కొడుకు నా కొడుకు గాదా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బతిమాలతానని అనుకుని వచ్చాను. అంత సులువుగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. దిగనన్నప్పుడు కూడా ఇట్లాగే అన్నాడు, ఒక్క మాట. ఆ ఒక్క మాట నా చేతి మీద ఇంకా ఉంది.

"నిండు చేతుల అంగి వేసుకురా" అన్నాను. "మచ్చ ఇద్దరికుంటే ఖతం."

ఆయన తన ఎడమ మోచేయి తిప్పి చూసుకున్నాడు. తర్వాత నాది చూశాడు. ఏదో అనబోయి, "మా అల్లుని పెండ్లికి పెట్టిన అంగి ఉన్నది, చేతులు నిండుగనే ఉంటయి" అన్నాడు.

గురువారం ఎండ మండుతోంది. ఆఫీసు వరండాలో మేం నలుగురం కూర్చున్నాం. అన్న ఆ గంధం రంగు అంగి వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. జైపాల్ లేచి గేటు దాకా పోయి వస్తున్నాడు, మళ్ళీ పోతున్నాడు. హర్షిణి నా పక్కన కూర్చోలేదు. బెంచీ చివర కూర్చుంది.

లోపల అధికారి కొత్తవాడు, ముప్పై ఐదుంటాయి. ముందు నన్ను పిలిచాడు. కార్డు చూశాడు, ఎడమ మోచేయి చూపమన్నాడు. చూపించాను. దగ్గరికి వంగి చూసి రాసుకున్నాడు. తర్వాత ఫైల్లోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కంపెనీ ఫైల్లో మొదటిసారి నా అసలు పేరు చూశాను. కింద ఒక నంబరు కూడా వేశారు దానికి.

"ఎవరీ పిల్లవాడు?"

"మా తమ్ముడు బిక్షం సార్."

"ఉన్నాడా?"

"బయట కూసున్నడు."

అన్న లోపలికి వచ్చి దండం పెట్టాడు. అధికారి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు తమ్ముడివా? అన్నకంటే పెద్దగా కనపడుతున్నావే."

"ఎవుసం సార్" అన్నాడు అన్న. "మా అన్న నీడపట్టున భూమి లోపల పనిజేసిండు. నేను ఎండల మాడిన. వడ్లు అమ్మకానికి పోతే నన్నే తాతా అంటరు."

అధికారి నవ్వాడు. పక్కన రాసుకునే క్లర్కు కూడా నవ్వాడు. ముప్పై ఏళ్ళు బాయిలో ఉన్న నన్ను నీడపట్టున ఉన్నానన్నాడు, నేనూ నవ్వాల్సి వచ్చింది.

"ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా?"

"నేనే సార్. అంగి సూడుండ్రి, నాదే" అన్నాడు. ఆ ఒక్క మాట నిజం కాబట్టి దాన్ని చాలా గట్టిగా చెప్పాడు.

"ఎంతవరకు చదివావు?"

"తొమ్మిది. మల్ల ఆపిన్రు."

"క్లాసులో ఫస్టని రాసిందే అమ్మాయి?"

అన్న నా వైపు చూడలేదు. "అప్పట్ల తెలివి ఉండె సార్. ఎద్దులతోటి తిరిగి తిరిగి పోయింది."

ఫ్యాను తిరుగుతోంది. అన్న అంగి వీపుకు అంటుకుపోయింది. కుడి చెయ్యి తెలియకుండానే ఎడమ చేతి గుండీ మీదికి పోతోంది. నేను పాదంతో ఆయన పాదం తొక్కాను.

అధికారి హర్షిణిని పిలిపించాడు. కాగితం దాని వైపు తిప్పాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే సార్."

"మా బాపు అని రాశావు. అన్న పేరు మీద దిగాడని రాశావు. మరి ఈయనేమో ఫోటోలో ఉన్నది నేనంటున్నాడు. మీ నాన్న ఎవరు వీళ్ళిద్దరిలో?"

అది నన్ను చూపించింది.

"ఫోటోలో?"

హర్షిణి ఆ కాగితం చూస్తూనే ఉంది. జైపాల్ తలుపు సందులోంచి చూస్తున్నాడు. నాకు దగ్గొచ్చింది, ఆపుకున్నాను. అది అబద్ధం చెప్పదని కాదు, అందరి పిల్లల్లాగే చెబుతుంది. కానీ ఇది వేరే. సోమవారం నుంచి అది నాతో మాట్లాడలేదు.

"ఫోటోల మా పెద్దబాపు... గాదు, చిన్నబాపు సార్" అంది. "మా బాపు అని ఉత్తగనే రాసిన."

"ఎందుకు రాశావు?"

"లైకుల కోసం సార్."

అధికారి వెనక్కి వాలాడు. "లైకుల కోసం సొంత నాన్నను దొంగను చేశావా?"

"ఏడుపు కథ రాస్తే ఎక్కువొస్తయి సార్. తొమ్మిది వందలొచ్చినయి."

క్లర్కు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి తల ఊపుతూ ఏదో రాశాడు. నాకు ఒకే మాట కనపడింది, 'బాధ్యతారాహిత్యం'. ఆ పదం రాసి దాని కింద గీత గీశాడు. మా ఇంట్లో అందరికంటే బాధ్యత ఉన్న మనిషి గురించి రాశాడది. దాని చేత సంతకం పెట్టించుకున్నాడు. అన్న వేలిముద్ర వేయబోయి, తొమ్మిది చదివిన సంగతి గుర్తొచ్చి, పెన్ను తీసుకుని ఎంతో కష్టపడి 'బి' అని గీసి, పక్కన ఒక సున్న చుట్టాడు.

"చెయ్యి వణుకుతది సార్" అన్నాడు.

"సరే పోండి. అవసరమైతే మళ్ళీ పిలుస్తాం. అబ్బాయి ఆర్డరు నెలలోపు వస్తుంది."

జైపాల్ వరండాలో నా చేతులు పట్టుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగి ఏదో అనబోయాడు, అది అప్పటికే మెట్లు దిగిపోయింది. నేను వెనకే పోయి గేటు దగ్గర అందుకున్నాను.

"మంచిగ చెప్పినవ్" అన్నాను.

"రాసినప్పుడు అనలే గామాట" అంది.

అన్నను బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాం. మంచిర్యాల బస్సు ఇంకా రాలేదు. ఆయన చేతుల గుండీలు విప్పి అంగి మోచేతుల పైకి మడిచాడు. మచ్చ బయటపడింది. చుట్టూ చూసి మళ్ళీ కిందికి లాక్కున్నాడు.

"మల్ల పిలుస్తమన్నడు గద. అడిగితే ఏం చెప్పాలె? ఆ ఫోటో ఇయ్యి ఒకసారి" అన్నాడు.

ఇచ్చాను. పిట్టగోడ మీద కూర్చుని ఒడిలో పెట్టుకున్నాడు.

"నడుమ కుర్చీల కూసున్న సారెవలు?"

"లెక్కల సారు. కొట్టేటోడు."

"నన్ను గూడ కొట్టిండా?"

"లేదు. ఎన్నడు కొట్టలే."

"నా పక్కపొంటి పొట్టోడు?"

"వాడు నీ జోడు. మధ్యాహ్నం వాని సద్ది నువ్వు తింటుంటివి."

"పేరు?"

చెప్పాను. ఆయన పెదవులతో రెండుసార్లు అనుకున్నాడు. పత్తి విత్తనాల పేర్లు గుర్తుపెట్టుకున్నట్టు ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. వెనక వరుసలో ఎవడు చిన్నప్పుడు నా పలక పగలగొట్టాడో, ఎవడు చెరువులో పడితే బయటికి లాగానో, ఇంగ్లీషులో ఎన్ని మార్కులొచ్చాయో అడిగాడు. చెబుతూ పోయాను. చెప్పినవన్నీ ఆయన ఖాతాలోకి పోయాయి. హర్షిణి కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకుని నిలబడి వింటోంది. ఇవేవీ నేను దానికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

బస్సు వచ్చింది. అన్న లేచాడు. ఎక్కబోతూ మెట్టు మీద ఆగి ఫోటో మళ్ళీ చూశాడు.

"అరే, గిది అడగకపోతి. అందరు ముందటికి సూస్తున్నరు గద. నేనెటు సూస్తున్న?"

కండక్టర్ విజిల్ వేశాడు. హర్షిణి స్తంభం వదిలి నా వైపు చూసింది.

"కుక్క అడ్డమొచ్చింది" అన్నాను.

"కుక్క" అని అనుకున్నాడు అన్న. బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఏ రంగుదిరా?"

"నల్లది" అన్నాను.